హెపటైటిస్ సి ఉన్నవారికి ‘ఏఎన్ఏ పాజిటివ్’ వస్తే

బరంపురం, పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం, రాయగడ, జయపురం. ఒడిశా సరిహద్దులోని ఈ ఊళ్లలో తెలుగు కుటుంబాల వైద్యం చాలాసార్లు రెండు రాష్ట్రాల మీదుగా సాగుతుంది. రక్తం ఒక ఊళ్లో ఇస్తారు, స్కానింగ్ ఇంకో ఊళ్లో తీయిస్తారు, పెద్ద డాక్టరు కోసం శ్రీకాకుళమో విశాఖపట్నమో వెళతారు. రిపోర్టులన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లోకి చేరతాయి. ఆ కవర్లో రెండు కాగితాలు పక్కపక్కన పడినప్పుడు చిక్కు మొదలవుతుంది. ఒకదాని మీద ‘యాంటీ హెచ్‌సీవీ రియాక్టివ్’ అని ఉంటుంది. రెండోదాని మీద ‘ఏఎన్ఏ పాజిటివ్, 1:80’ అనో, ‘ఆర్ఏ ఫ్యాక్టర్ పాజిటివ్’ అనో ఉంటుంది.

మొదటి కాగితం హెపటైటిస్ సి వైరస్ ఎప్పుడో ఒకప్పుడు ఒంట్లోకి వచ్చిందని చెబుతుంది. రెండోది, ఒంటి రక్షణ వ్యవస్థ తన సొంత కణాల మీదికే యాంటీబాడీలు తయారుచేస్తోందని చెబుతుంది. 1:80 అంటే రక్తపు సీరాన్ని 80 రెట్లు పలచన చేసినా ఆ యాంటీబాడీ కనిపించిందని అర్థం. ఇక్కడి నుంచి ఒక్కొక్కరి వైద్యం ఒక్కో దారి పడుతుంది. కీళ్లనొప్పులు కూడా ఉంటే ఇది కీళ్లవాతమేనని మందులు మొదలవుతాయి. లివర్ ఎంజైములు పెరిగి ఉంటే ఇది రక్షణ వ్యవస్థే కాలేయం మీద దాడిచేసే ఆటోఇమ్యూన్ హెపటైటిస్ అని స్టెరాయిడ్ మొదలవుతుంది. వైరస్ సంగతి వెనక్కి పోతుంది. ఎక్కువమంది విషయంలో ఇది తలకిందుల వైద్యం. రెండో కాగితంలో కనిపించేది చాలావరకు మొదటి కాగితంలో ఉన్న వైరస్ చేసిన పనే.

అదెలాగో అర్థం కావాలంటే వైరస్ నివాసం గురించి కొంచెం చెప్పుకోవాలి. దీన్ని 1989లో గుర్తించారు. ఈ వైరస్ మీద చేసిన పరిశోధనకు హార్వే ఆల్టర్, మైకేల్ హౌటన్, చార్లెస్ రైస్‌లకు 2020లో నోబెల్ బహుమతి వచ్చింది. హెపటైటిస్ అన్న పేరును బట్టి ఇది కాలేయాన్ని మాత్రమే పట్టుకుంటుందని అనుకుంటాం. కానీ యాంటీబాడీలు తయారుచేసే బి-లింఫోసైట్లతో కూడా దీనికి దగ్గరి సంబంధం ఉంది. వైరస్ పైపొరలోని ఈ2 అనే ప్రొటీను, బి-కణం ఉపరితలం మీద ఉండే సీడీ81 అనే అణువుకు అతుక్కుంటుంది. మామూలుగా బి-కణం తేలిగ్గా రెచ్చిపోదు, దానికి గట్టి కారణం కావాలి. సీడీ81 పట్టుబడ్డాక ఆ గట్టితనం సడలుతుంది. చిన్నపాటి ప్రేరణకే కణం విభజన చెంది యాంటీబాడీలు వదలడం మొదలుపెడుతుంది.

ఇది నాలుగు రోజుల ముచ్చట కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఈ వైరస్ సోకిన వందమందిలో దాదాపు 30 మందికి ఆరు నెలల లోపే మందు లేకుండా పోతుంది. మిగతా 70 మందిలో దీర్ఘకాలం ఉండిపోతుంది. ఇరవై, ముప్పై ఏళ్లు బి-కణాలకు తీరిక లేకుండా చేస్తే, ఆ గందరగోళంలో పనికొచ్చే యాంటీబాడీలతో పాటు పనికిరానివీ పుట్టుకొస్తాయి. కణ కేంద్రకం మీద పనిచేసేది ఏఎన్ఏ. నునుపు కండరం మీదిది ఎస్ఎంఏ. కాలేయం, మూత్రపిండాల కణాల్లోని ఒక ఎంజైము మీదిది ఎల్‌కేఎం-1. ఇంకో యాంటీబాడీకే అతుక్కునే యాంటీబాడీ రుమటాయిడ్ ఫ్యాక్టర్, అంటే ల్యాబుల భాషలో ఆర్ఏ ఫ్యాక్టర్. ఎల్‌కేఎం-1 విషయంలో మరో కారణం కూడా చెబుతారు. వైరస్ ప్రొటీన్లలో కొన్ని భాగాలు మన ఒంట్లోని సైప్ 2డీ6 అనే ఎంజైమును పోలి ఉంటాయి. వైరస్ కోసం తయారైన యాంటీబాడీ పోలిక చూసి దీన్ని కూడా పట్టుకుంటుంది.

హెపటైటిస్ సి ఉన్నవారిలో ఏఎన్ఏ ఎంతమందికి వస్తుందంటే, అధ్యయనాన్ని బట్టి పదిమందిలో ఒకరి నుంచి ముగ్గురి దాకా. ఎస్ఎంఏ కూడా దాదాపు అంతే. ఎల్‌కేఎం-1 మాత్రం వందలో కొద్దిమందికే. ఆర్ఏ ఫ్యాక్టర్, చలికి గడ్డకట్టే క్రయోగ్లోబ్యులిన్లు ఇంకా ఎక్కువ, గట్టిగా వెతికితే దాదాపు సగం మందిలో దొరుకుతాయి. అయితే వీటివల్ల నిజంగా జబ్బుపడేవారు తక్కువే.

ఇంకో సంగతి ఈ జిల్లాలకు ప్రత్యేకంగా వర్తిస్తుంది. ఏ జబ్బూ లేనివారిలో కూడా ఏఎన్ఏ కనిపిస్తుంది. 1997లో వెలువడిన ఒక అంతర్జాతీయ పరిశీలనలో ఆరోగ్యవంతుల్లో 1:40 దగ్గర దాదాపు 32 శాతం, 1:80 దగ్గర 13 శాతం, 1:160 దగ్గర 5 శాతం పాజిటివ్‌గా తేలారు. మలేరియా, క్షయ, కుష్ఠు వంటి దీర్ఘకాలపు అంటురోగాలు కూడా ఇలాంటి యాంటీబాడీలను లేపుతాయి. కొరాపుట్, మల్కన్‌గిరి, రాయగడ మలేరియాకు పేరుపడ్డ జిల్లాలు. కొండదిగువన పుట్టి పెరిగి, చిన్నప్పటి నుంచి చలిజ్వరాలు ఎరిగిన మనిషికి 1:80 ఏఎన్ఏ వచ్చిందంటే దానికి హెపటైటిస్ సి కూడా కారణం కాకపోవచ్చు. ఒంటరిగా చూస్తే ఆ అంకెకు పెద్ద అర్థం లేదు.

ఇక అసలు ప్రశ్న. ఈ యాంటీబాడీలున్నవారి కాలేయం ఎక్కువ పాడవుతుందా?

దీనిమీద పరిశోధనలు ఒక్క మాట మీద లేవు. ఏఎన్ఏ ఉన్నవారిలో లివర్ ఎంజైములు ఎక్కువని, కాలేయంలో మచ్చలు ఎక్కువని కొన్ని అధ్యయనాలు చెప్పాయి. తేడా ఏమీ లేదని మరికొన్ని చెప్పాయి. ఈ తేడాకు పెద్ద కారణం వయసని చెప్పాలి. వయసు పెరిగేకొద్దీ ఆటో యాంటీబాడీలు పెరుగుతాయి. వయసుతో పాటు వైరస్ ఒంట్లో ఉన్న ఏళ్లు పెరుగుతాయి, కాబట్టి కాలేయంలో మచ్చలూ పెరుగుతాయి. అరవై ఏళ్ల మనిషిలో రెండూ కలిసి కనిపిస్తే ఒకటి రెండోదాన్ని పుట్టించిందనుకోవడం పొరపాటు, రెండూ ఏళ్లు గడిచిన గుర్తులే కావచ్చు. వయసు, ఆడ మగ, వైరస్ సోకిన కాలం లెక్కలోకి తీసుకుంటే చాలాచోట్ల ఏఎన్ఏ, ఎస్ఎంఏల ప్రభావం పలచబడిపోతుంది.

క్రయోగ్లోబ్యులిన్ల సంగతి వేరు. అవి ఉన్నవారిలో సిర్రోసిస్, అంటే కాలేయమంతా మచ్చలు పడటం, ఎక్కువగా ఉందని చాలా అధ్యయనాలను కలిపి చేసిన విశ్లేషణ తేల్చింది. ఇక్కడ కూడా వైరస్ ఎక్కువ ఏళ్లుగా ఉండటం ఒక కారణమే. కానీ ఇంకో లోతైన ముడి ఉంది. హెపటైటిస్ సి ఉన్న కాలేయపు ముక్కను సూక్ష్మదర్శినిలో చూస్తే, రక్తనాళాలూ పిత్తనాళాలూ కలిసి నడిచే పోర్టల్ దారుల్లో లింఫోసైట్లు గుంపులు కట్టి ఉంటాయి. ఆర్ఏ ఫ్యాక్టర్‌ను తయారుచేసే బి-కణాలు అక్కడే పెరుగుతాయని పరిశోధకులు చూపించారు. అంటే గుర్తు పుట్టే చోటూ వాపు పుట్టే చోటూ ఒకటే. ఆ గుర్తు కాలేయాన్ని తినడం లేదు. కాలేయంలో జరుగుతున్న పోరు తాలూకు పొగ రక్తంలో కనిపిస్తోంది, అంతే.

కాలేయాన్ని నిజంగా పాడుచేసేది ఆ పోరు. వైరస్ చేరిన కాలేయ కణాలను టి-లింఫోసైట్లు చంపుతూ పోతాయి. చచ్చిన చోట కాలేయంలోని స్టెలేట్ కణాలు మేలుకొని నారలాంటి పదార్థాన్ని పేరుస్తాయి. ఏళ్లు గడిచేకొద్దీ ఆ మచ్చలు ఒకదానికొకటి కలుస్తాయి. అదే సిర్రోసిస్. దీర్ఘకాల ఇన్ఫెక్షన్ ఉన్నవారిలో 20 ఏళ్లలో 15 నుంచి 30 శాతం మందికి ఇది వస్తుందని అంచనా. దీన్ని తొందరపెట్టేవి అందరికీ తెలిసినవే: సారా, ఇప్పసారాతో సహా ఏ మద్యమైనా; మధుమేహం; కాలేయంలో కొవ్వు; తోడుగా హెపటైటిస్ బి. మన దేశంలో ఎక్కువగా కనిపించేది ఈ వైరస్‌లోని 3వ జన్యురకం. అది తానే స్వయంగా కాలేయంలో కొవ్వు పేర్చగలదు.

మచ్చలు ఎంతవరకు వచ్చాయో అంచనా వేయడానికి ఖరీదైన పరీక్షలే అక్కర్లేదు. కవర్లో ఉన్న మామూలు కాగితాలు చాలు. ఉదాహరణకి 58 ఏళ్ల మనిషి ఉన్నాడనుకుందాం. లివర్ ఎంజైములైన ఎఎస్‌టీ 96, ఎఎల్‌టీ 64, ప్లేట్‌లెట్లు లక్షా పదివేలు. ల్యాబులో ఎఎస్‌టీ గరిష్ఠ పరిమితి 40. ముందు 96ను 40తో భాగిస్తే 2.4. దాన్ని వందతో గుణించి, ప్లేట్‌లెట్లను వేలల్లో తీసుకుని 110తో భాగిస్తే దాదాపు 2.2. ఇది ఆప్రి స్కోరు. రెండోదైన ఫిబ్-4 కోసం వయసును ఎఎస్‌టీతో గుణించాలి: 5568. ఎఎల్‌టీ వర్గమూలం 8, దాన్ని 110తో గుణిస్తే 880. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 6.3. ఆప్రి 2 దాటితే, ఫిబ్-4 3.25 దాటితే మచ్చలు ముదిరాయని అనుమానించాలి. ఈ మనిషి రెండు గీతలూ దాటాడు. అతని ఏఎన్ఏ పాజిటివా నెగెటివా అన్నది ఈ లెక్కలో ఎక్కడా రాలేదు.

ఈ లెక్కలు కూడా ఇక్కడ కొంచెం ఆచితూచి చదవాలి. సికిల్ సెల్ జబ్బు ఉన్నవారిలో ఎర్రకణాలు పగలడం వల్లే ఎఎస్‌టీ పెరుగుతుంది. మలేరియా తిరగబెట్టి కడుపులో బల్ల పెరిగినవారిలో, అంటే ప్లీహం ఉబ్బినవారిలో, కాలేయం బాగున్నా ప్లేట్‌లెట్లు తగ్గుతాయి. రెండు సందర్భాల్లోనూ స్కోరు ఉన్నదానికంటే ఎక్కువగా వస్తుంది. అలాంటివారికి కాలేయం ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్ తీయించడం మేలు.

సికిల్ సెల్ ప్రస్తావన ఊరికే తేలేదు. దక్షిణ ఒడిశా గిరిజన ప్రాంతాల్లో ఈ జబ్బు ఉంది. ఉన్నవారికి మాటిమాటికీ రక్తం ఎక్కించాల్సి రావచ్చు. దానంగా వచ్చే రక్తానికి హెపటైటిస్ సి పరీక్షను మన దేశంలో 2001లో తప్పనిసరి చేశారు. అంతకుముందు రక్తం ఎక్కించుకున్నవారు, ఒకే సూదితో వరసగా ఇంజెక్షన్లు వేయించుకున్నవారు, జాతరల్లో పచ్చబొట్టు పొడిపించుకున్నవారు, డయాలసిస్ మీద ఉన్నవారు, వీళ్లంతా జీవితంలో ఒక్కసారైనా ఈ పరీక్ష చేయించుకోవాలి. యాంటీబాడీ పరీక్షలో రియాక్టివ్ వస్తే అంతటితో ఆగకూడదు. వైరస్ ఇప్పుడు ఉందా అన్నది చెప్పేది, రక్తంలో వైరస్ జన్యుపదార్థాన్ని వెతికే హెచ్‌సీవీ ఆర్ఎన్ఏ పరీక్ష.

క్రయోగ్లోబ్యులిన్ పరీక్ష గురించి దగ్గరగా చూడాల్సింది ఒకటుంది. ఈ ప్రాంతంలో ఇది తరచూ పొరపాటు జరగడానికి వీలున్న పరీక్ష. ఆ ప్రొటీను ఒంటి వేడి దగ్గర కరిగి ఉంటుంది, చల్లబడితే తెల్లగా అడుగుకు దిగుతుంది. కాబట్టి రక్తాన్ని ముందే వేడిచేసిన ట్యూబులో తీయాలి. గడ్డకట్టేదాకా, సీరం వేరుచేసేదాకా 37 డిగ్రీల దగ్గరే ఉంచాలి. ఆ తర్వాత మాత్రమే సీరాన్ని 4 డిగ్రీల ఫ్రిజ్‌లో పెట్టి ఏడు రోజుల దాకా గమనించాలి. రక్తం తీసిన వెంటనే మామూలు అలవాటు ప్రకారం ఐస్ డబ్బాలో పెట్టి బస్సెక్కించి పంపితే ఏమవుతుంది? దారిలోనే క్రయోగ్లోబ్యులిన్ దిగిపోయి రక్తపు గడ్డతో కలిసిపోతుంది. అక్కడి ల్యాబులో గడ్డను పారేసి పైనున్న సీరాన్ని చూస్తారు. అందులో ఏమీ ఉండదు. రిపోర్టులో ‘కనిపించలేదు’ అని వస్తుంది. ల్యాబు అబద్ధం చెప్పలేదు. ప్రయాణంలోనే జవాబు పోయింది. దూరపు ఊళ్ల నుంచి పంపేటప్పుడు దీనికి తోడుగా సీ4 కాంప్లిమెంటు (రక్తంలోని ఒక రక్షణ ప్రొటీను), ఆర్ఏ ఫ్యాక్టర్ చేయించడం తెలివైన పని. సీ4 బాగా పడిపోయి, ఆర్ఏ ఫ్యాక్టర్ ఎక్కువగా ఉంటే, పరీక్షలో దొరకకపోయినా క్రయోగ్లోబ్యులిన్ ఉందని గట్టిగా అనుమానించవచ్చు.

అనుమానించాక చూడాల్సినవి మనిషి ఒంటి మీదే ఉంటాయి. పిక్కల మీద, మడమల దగ్గర నొక్కినా పోని ఎర్రటి చుక్కలు, కీళ్లనొప్పులు, విపరీతమైన నీరసం. 1966లో వైద్యులు ఈ మూడింటినీ కలిపి వర్ణించారు. పాదాల్లో తిమ్మిర్లు, మంటలు కూడా రావచ్చు. మూత్రపిండాలకూ సోకవచ్చు. ఆ చివరి మాట ఇక్కడ మరీ ముఖ్యం. బరంపురం దాటి దక్షిణానికి వస్తే ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, అంటే ఉద్దానం. కిడ్నీ జబ్బు అనగానే ఈ చుట్టుపక్కల ఎవరికైనా ఉద్దానమే గుర్తొస్తుంది. అయితే ఉద్దానం జబ్బులో మామూలుగా మూత్రంలో ప్రొటీను పెద్దగా పోదు. క్రయోగ్లోబ్యులిన్ వల్ల వచ్చే కిడ్నీ జబ్బులో ప్రొటీను, రక్తకణాలు పోతాయి, బీపీ పెరుగుతుంది, సీ4 పడిపోతుంది. క్రియాటినిన్ పెరిగిన ప్రతి ఒక్కరినీ ఉద్దానం ఖాతాలో రాసేయకుండా ఒక హెచ్‌సీవీ పరీక్ష చేయిస్తే, నయమయ్యే కారణం ఒకటి దొరికే అవకాశం ఉంది.

కీళ్లనొప్పుల విషయంలో జరిగే నష్టం ఇంకా మామూలైంది. ఆర్ఏ ఫ్యాక్టర్ పాజిటివ్ అంటే రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అనే నమ్మకం బాగా పాతుకుపోయింది. హెపటైటిస్ సి ఉన్నవారికి ఆర్ఏ ఫ్యాక్టర్ వస్తుంది కానీ, నిజమైన రుమటాయిడ్ ఆర్థ్రైటిస్‌ను గుర్తుపట్టే యాంటీ సీసీపీ పరీక్ష చాలావరకు నెగెటివ్‌గానే ఉంటుంది. ఈ ఒక్క పరీక్ష చేయించకుండా కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ మొదలుపెడితే, అప్పటికే వైరస్ దెబ్బ తింటున్న కాలేయం మీద మరో భారం వేసినట్టే. స్టెరాయిడ్ కలిసిన పొట్లాల మందులు, నొప్పి మాత్రలు నెలల తరబడి మింగేవారి గురించి చెప్పనే అక్కర్లేదు. స్టెరాయిడ్‌తో నొప్పి తగ్గుతుంది, మనిషి బాగున్నాననుకుంటాడు, రక్తంలో వైరస్ మాత్రం పెరుగుతుంది.

అలాగని ఈ గుర్తులన్నీ పక్కన పడేయదగ్గవి కావు. నిజమైన ఆటోఇమ్యూన్ హెపటైటిస్ అనే జబ్బు ఉంది. ఆడవారిలో ఎక్కువ. స్టెరాయిడ్ ఇవ్వకపోతే కొందరిలో కాలేయం వేగంగా దెబ్బతింటుంది. అది హెపటైటిస్ సి తో కలిసి ఉండటం అరుదే కానీ అసాధ్యం కాదు. వేరుచేసి చూడటానికి 2008లో ఒక సులువైన స్కోరు పెట్టారు. అందులో ఆటో యాంటీబాడీలు, రక్తంలో ఐజీజీ (యాంటీబాడీల్లో ప్రధాన రకం) మోతాదు, బయాప్సీ, వైరల్ హెపటైటిస్ లేకపోవడం, ఈ నాలుగింటికీ రెండేసి మార్కులు. ఆరు వస్తే జబ్బు ఉండవచ్చు, ఏడు, ఆపైన వస్తే ఉన్నట్టే. వైరస్ ఉన్నవారికి నాలుగో అంశంలో మార్కులు రావు, కాబట్టి వాళ్లు ఆరు దాటరు. అంటే వైరస్ ఉన్నంతకాలం ఈ స్కోరుతో గట్టిగా తేల్చలేం. అప్పుడు మాట్లాడాల్సింది బయాప్సీ. హెపటైటిస్ సి లో లింఫోసైట్ల గుంపులు, కొవ్వు కనిపిస్తాయి. ఆటోఇమ్యూన్ జబ్బులో ప్లాస్మా కణాలు ఎక్కువ, కాలేయ కణాలు గులాబీ రేకుల్లా చుట్టుకుని ఉంటాయి. యాంటీబాడీ 1:40, 1:80 కాకుండా బాగా పైకి పోయినా, ఐజీజీ గరిష్ఠ పరిమితిని ఎంతో దాటినా, ఎంజైములు వందల్లోకి ఎగబాకినా, ఈ జబ్బును గట్టిగా వెతకాలి.

పొరపాటు రెండోవైపు నుంచీ జరిగింది. 1990ల మొదట్లో వచ్చిన తొలితరం యాంటీ హెచ్‌సీవీ పరీక్షలు, ఒంట్లో ఐజీజీ ఎక్కువగా ఉన్న ఆటోఇమ్యూన్ రోగుల్లో వైరస్ లేకుండానే పాజిటివ్ చూపించాయి. ఆ రోజుల్లో చికిత్స ఇంటర్‌ఫెరాన్. అది రక్షణ వ్యవస్థను రెచ్చగొట్టే మందు, ఆటోఇమ్యూన్ జబ్బును మరింత ముదరబెడుతుంది. స్టెరాయిడ్ ఇస్తే వైరస్ పెరుగుతుంది, ఇంటర్‌ఫెరాన్ ఇస్తే ఆటోఇమ్యూన్ జబ్బు పెరుగుతుంది. ఏఎన్ఏ కాగితం చూసి వైద్యులు అంతగా భయపడటానికి మూలం ఆ కాలంలో ఉంది. ఆ భయం ఇప్పటికీ కొన్నిచోట్ల మిగిలిపోయింది, దాని కారణం మాత్రం పోయింది.

ఇప్పుడిచ్చే సోఫోస్‌బువిర్, డక్లాటాస్విర్, వెల్పటాస్విర్ వంటి మందులు రక్షణ వ్యవస్థ జోలికి పోవు, నేరుగా వైరస్ మీద పనిచేస్తాయి. సిర్రోసిస్ లేనివారికి మామూలుగా 12 వారాలు, రోజూ మాత్రలు, సూది లేదు. నూటికి 95 మందికి పైగా నయమవుతుంది. 2018 జులై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద పరీక్షలూ మందులూ ఉచితం. కాబట్టి రెండు కాగితాలూ పాజిటివ్‌గా ఉన్న మనిషికి, కాలేయం అత్యవసర పరిస్థితిలో లేకపోతే, ముందు వైరస్‌ను తీసేసి తర్వాత మిగిలినదేమిటో చూడటమే సరైన వరస. ఒక్క జాగ్రత్త: మందు మొదలుపెట్టే ముందు హెపటైటిస్ బి పరీక్ష చేయించాలి. సి పోతుంటే అణిగి ఉన్న బి తిరిగి లేవవచ్చని 2016లో అమెరికా ఔషధ సంస్థ గట్టి హెచ్చరిక జారీచేసింది.

మందులు పూర్తయ్యాక 12 వారాలకు మళ్లీ ఆర్ఎన్ఏ పరీక్ష చేస్తారు. అందులో వైరస్ లేకపోతే నయమైనట్టే. ఎంజైములు మామూలు స్థాయికి వస్తాయి, ఎక్కువమందిలో చర్మం మీది చుక్కలు, కీళ్లనొప్పులు తగ్గుతాయి, ఆర్ఏ ఫ్యాక్టర్ మెల్లగా దిగుతుంది. కొందరిలో క్రయోగ్లోబ్యులిన్లు నెలల తరబడి, ఏళ్ల తరబడి మిగులుతాయి. రెచ్చిపోయిన బి-కణాలు వెంటనే సర్దుకోవు. వైరస్ పోయినా ఎంజైములూ ఐజీజీ తగ్గనివారే ఆటోఇమ్యూన్ హెపటైటిస్ కోసం మళ్లీ బయాప్సీ దాకా వెళ్లాల్సినవారు. సిర్రోసిస్ వచ్చేసినవారికి వైరస్ పోయినా కాలేయ క్యాన్సర్ ముప్పు పూర్తిగా పోదు, ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్ తప్పదు.

నయమయ్యాక కూడా యాంటీ హెచ్‌సీవీ పరీక్ష జీవితాంతం రియాక్టివ్‌గానే వస్తుంది. ఎప్పుడో కంటి ఆపరేషన్‌కో, కాన్పుకో, డయాలసిస్‌కో వెళితే ఆ ఆసుపత్రిలో మళ్లీ అదే మాట రాస్తారు. సరిహద్దుకు అటొకచోట ఇటొకచోట వైద్యం చేయించుకునేవారు ఆర్ఎన్ఏ నెగెటివ్ అని వచ్చిన కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో అన్నిటికంటే పైన పెట్టుకోవాలి.